ఆదర్శంగా తీసుకోదగిన మనిషిని ఎంచుకోవడం ఎలా?

ఒకరిని ఆదర్శంగా తీసుకునే ముందు వారు సాధించిన దానికంటే, లాభం చేతికి అందివచ్చినా మనస్సాక్షి ఒప్పుకోక వదులుకున్నదేమిటో తెలుసుకోవాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లా మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి ఏర్పడిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ సంస్థను 1929లో తానే రద్దు చేసి, దానికి వచ్చిన ఆస్తులను దాతలకు తిరిగి ఇప్పించారు. వేలమంది అనుచరులను కాదనుకున్న తరువాత కూడా ఆయన మాట వినడానికి దశాబ్దాలపాటు జనం వచ్చారంటే, ఆ నిజాయితీయే అందుకు ప్రధాన కారణమని నా నమ్మకం.

అయితే ప్రసిద్ధుల జీవితాలు మనకు పుస్తకాల ద్వారానే తెలుస్తాయి కనుక, రోజూ కళ్లెదుట కనిపించే మనిషిని కూడా ఒకరిని ఎంచుకోండి. తిరుపతిలో నేను బట్టలు కుట్టించుకునే దర్జీ, మిగిలిన గుడ్డ ముక్కను జానెడే అయినా మడిచి చొక్కాతో పాటు సంచిలో పెడతారు. చెప్పిన రోజుకు కుట్టలేనని తెలిస్తే పండుగ ముందైనా బేరం ఒప్పుకోరు. ఎంచుకున్న వారి గురించి వారి దగ్గర పనిచేసేవారిని, అప్పిచ్చినవారిని అడగండి, ఎందుకంటే పొగడ్తలు బయటివారి నుంచి ఎన్నైనా వస్తాయి.

ఆ తరువాత వారి అలవాట్లలో ఒక్కదాన్ని మాత్రమే, ఉదాహరణకు చేయలేని పనిని ముందే చేయలేనని చెప్పడాన్ని, ఒక నెలపాటు ఆచరించి, కుదిరాకే రెండోదానికి వెళ్లండి.