సెలవుల్లో అసలైన ఫ్రెంచి ఎక్కడ దొరికింది: నా అనుభవం

పాఠాల ఆడియో బాగానే అర్థమయ్యేది, ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో దిగాక మాత్రం రేడియో పెడితే ఒక్క ముక్కా ఎక్కలేదు. లె మోండ్ పేపరు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో సినిమాలు, టూరిస్ట్ ఆఫీసు కరపత్రాలు: ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. పొద్దున్నే సిగరెట్లూ పేపర్లూ అమ్మే 'టబా' కొట్టుకి వెళ్లి ఊరి ఎడిషన్ ఉన్న ఉఎస్ట్-ఫ్రాన్స్ అనే ప్రాంతీయ పేపరు కొన్నాను. మొదటి పేజీ జోలికి పోలేదు. నేరుగా ఊరి పేజీలే: మూసేసిన రోడ్లు, సంతలు, చిన్నాచితకా దొంగతనాలు. వాక్యాలు పొట్టివి, పైగా ఆ వీధుల్లోనే నేను తిరుగుతున్నాను. డిక్షనరీ తీయకుండా ఒకసారి చదివి, రెండోసారి తెలియని మాటల కింద గీత గీశాను.

ఆ తర్వాతే రేడియో. ఇసీ ఆర్మొరిక్ (2025 జనవరి దాకా ఫ్రాన్స్ బ్లూ ఆర్మొరిక్) అనే స్టేషన్‌లో స్థానిక వార్తలు పెడితే, చదివిన సంగతులే చాలావరకు వినిపించాయి. ఏం చెప్పబోతున్నారో ముందే తెలిస్తే వేగం అంత భయపెట్టదు. ఈ వరస తిప్పి, ముందు విని తర్వాత చదివితే నాకు టెన్షనే మిగిలింది. శనివారం ప్లాస్ దె లీస్ సంతకి వెళ్లినప్పుడు, కూరగాయలమ్మే ఆవిడతో పేపర్లో చదివిన రోడ్డు పనుల గురించి నాలుగు మాటలు కలిపాను కూడా.

బీ1 (భాషలో మధ్యస్థాయి) దాటనివారికి ఇది కుదురుతుందో లేదో చెప్పలేను. పారిస్‌లో అయితే లె పారిజియాఁ పేపరుతో ప్రయత్నించవచ్చు. ఇంటికొచ్చాక, ఫ్రాన్స్ బయట కాబట్టి, ఫ్రెంచి టీవీ కార్యక్రమాలు చాలావరకు తెరుచుకోవు, రేడియో మాత్రం యాప్‌లో వస్తోంది.