పోలీసు విచారణలో న్యాయవాదిని కలిసే హక్కును ఎలా ఉపయోగించుకోవాలి?

"ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్ళండి" అని ఫోను వస్తే, రాతపూర్వకంగా నోటీసు ఇమ్మని ముందు మర్యాదగా అడగండి. అరెస్టు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే చట్టమైన, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, నేరం చేశారని అనుమానించే వ్యక్తికి 35వ సెక్షన్ కింద, సాక్షికి 179వ సెక్షన్ కింద నోటీసు ఇస్తారు. మహిళలను, 60 ఏళ్ళు దాటినవారిని సాక్షులుగా విచారించాలంటే, స్టేషన్‌కు రావాలని పట్టుబట్టకూడదు. వారుండే చోటే విచారించాలి. నోటీసు ఫొటోను న్యాయవాదికి పంపి, ఆయనతో మాట్లాడి వెళ్ళండి. వెళ్ళకుండా ఊరుకుంటే అదే అరెస్టుకు దారితీయవచ్చు.

అరెస్టు జరిగితే 38వ సెక్షన్ వర్తిస్తుంది. విచారణ సమయంలో తనకు నచ్చిన న్యాయవాదిని కలిసే హక్కు అరెస్టయిన వ్యక్తికి ఉంది, అయితే విచారణ సాగినంతసేపూ న్యాయవాదిని పక్కనే కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం లేదు. అందుకే కొన్ని కేసుల్లో కోర్టులు న్యాయవాదిని కంటికి కనిపించేంత దూరంలో, మాటలు వినపడనంత ఎడంగా కూర్చోబెట్టేందుకు అనుమతించాయి. భయపడి ఉన్న మనిషికి ఆ మాత్రం కనిపించడం కూడా ఎంతో ధైర్యం. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనవసరం లేదన్న రాజ్యాంగ రక్షణ పోలీసు విచారణ దశలోనూ వర్తిస్తుందని 1978లో ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

నోటితో అడిగిన మాటకు రుజువు ఉండదు. కాబట్టి తెల్లకాగితం మీద "నా న్యాయవాదిని కలిసేందుకు అనుమతించగలరు" అని రాసి, తేదీతో పాటు గంట, నిమిషం కూడా వేయాలి. కుటుంబసభ్యులు దాన్ని స్టేషన్‌లో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. తీసుకోకపోతే ఎస్పీకి లేదా కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. అరెస్టు మెమోలో (అరెస్టు వివరాలు రాసే పత్రం) వేసిన సమయాన్ని కూడా సరిచూడండి, ఎందుకంటే ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.

ఫీజుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను గానీ, 15100 నంబరును గానీ సంప్రదించండి.

దర్యాప్తులో పోలీసులు నమోదు చేసే వాంగ్మూలం మీద సంతకం చేయనవసరం లేదు. ఖాళీ కాగితం మీద ఎంత ఒత్తిడి చేసినా చేయకండి. న్యాయవాదిని కలవనివ్వకపోతే, రిమాండ్‌కు తీసుకెళ్ళినప్పుడు ఎప్పుడు అడిగారో, ఎవరు కాదన్నారో మేజిస్ట్రేటుకు మీ నోటితోనే చెప్పి, ఆ మాటను రికార్డులో రాయమని కోరండి.