దూరం నుంచి మీటరు రీడింగ్ – 4వ పాఠం: మీటరుకూ సాఫ్ట్‌వేర్‌కూ పొత్తు కుదిరిందా?

ప్రోబ్‌ను (కాంతితో మీటరునూ కంప్యూటరునూ కలిపే కేబుల్ తలను) మీటరు ఆప్టికల్ పోర్టుకు ఆనించి, వేగం 9600కు పెట్టి, కంప్యూటర్లో పోర్టు నంబరు కనుక్కోవడం వరకూ మూడో పాఠంలో చూశాం. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది.

విశాఖలో ఆటోనగర్ షెడ్లలోనూ, మధురవాడ అపార్ట్‌మెంట్లలోనూ సబ్‌మీటర్లు చూసుకునే వారిని తొలిచే ప్రశ్న ఒకటుంది. మీటరు మీద ఐఎస్ 16444 (ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం) అని ఉంది, సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లూ అదే ప్రమాణం పేరు చెప్పారు, మరి రీడింగ్ ఎందుకు తప్పు వస్తోంది? ఐఎస్ 16444 చెప్పేది మీటరు ఎలా ఉండాలన్నదే. అది తన లెక్కలను బయటికి ఎలా చెప్పాలన్నది ఐఎస్ 15959 పని. స్మార్ట్ మీటర్లకు వర్తించేది 2016లో వచ్చిన దాని రెండో భాగం. దానికి మూలం డీఎల్ఎంఎస్ అనే అంతర్జాతీయ పద్ధతి. ఈ ప్రమాణాలు చాలా సంగతులను బిగించాయి గానీ, అన్నింటినీ కాదు. కొన్నింటిని మీటరును అడిగి తెలుసుకోమన్నాయి. అడగకుండా ఊహించుకునే సాఫ్ట్‌వేర్‌తోనే పేచీ అంతా. ఎక్కడెక్కడ ఊహించుకుంటుందో పట్టుకోవడమే ఈ పాఠం.

ముందుగా ఒక హెచ్చరిక. ఏపీఈపీడీసీఎల్ (విశాఖ ప్రాంతపు విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే డిస్కం) సీలు వేసిన మీటరు మీద ఈ సాధన చేయవద్దు. దాని తాళాలు (సందేశాలను గుప్తంగా ఉంచే రహస్య సంకేతాలు), పాస్‌వర్డులు డిస్కంవి. మీరు సొంతంగా కొన్న సబ్‌మీటరు తీసుకోండి, తాళాలను తయారీదారు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. సాఫ్ట్‌వేర్‌గా గురక్స్ వారి డీఎల్ఎంఎస్ డైరెక్టర్ చాలు. అది ఓపెన్ సోర్స్, పైగా వచ్చీపోయే ప్రతి బైటునూ చూపిస్తుంది. మనకు కావలసింది ఆ చూపు.

పబ్లిక్ క్లయింటుగా, అంటే పాస్‌వర్డు అక్కర్లేని చిరునామా 16తో, మీటరును పలకరించండి. సాఫ్ట్‌వేర్ పంపే తొలి పలుకు ఇలా ఉంటుంది (తెర మీద ఇంగ్లిష్ అక్షరాలుంటాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను):

7ఈ ఏ0 07 03 21 93 0ఎఫ్ 01 7ఈ

రెండు చివరలా ఉన్న 7ఈ గట్టు రాళ్లు. 07 అంటే వాటి మధ్య ఏడు బైట్లున్నాయని. 03 మీటరు చిరునామా, 21 మన చిరునామా. 16ను రెట్టింపు చేసి ఒకటి కలిపితే 33, దాన్ని పదహారు ఆధారంగా రాస్తే 21. మీటరు చిరునామా 1 కూడా ఇదే లెక్కన 03 అయింది. 93 అంటే 'మాట్లాడుకుందామా' అన్న అభ్యర్థన. మిగిలిన రెండూ తప్పు పట్టే బైట్లు. జవాబులో చిరునామాలు తారుమారై, 93 ఉన్న చోట 73 కనిపిస్తే మీటరు ఒప్పుకున్నట్టే. ఏమీ రాకపోతే తాళాల జోలికి పోకండి, చిక్కు ఇంకా కిందనే ఉంది. కొన్ని మీటర్లు భౌతిక చిరునామా కూడా కలిపితేనే పలుకుతాయి. అప్పుడు 03 ఉన్న చోట రెండు లేదా నాలుగు బైట్లు వస్తాయి. తయారీదారు ఇచ్చిన కాగితంలో మొదట వెతకవలసింది దీన్నే.

పలికిన మీటరు రీడింగ్ ఇవ్వాలంటే మీటర్ రీడర్ క్లయింటుగా, చిరునామా 32తో వెళ్లాలి. ఇక్కడ పాస్‌వర్డుతో పాటు పదహారేసి బైట్ల తాళాలు, ఒక లెక్కింపు సంఖ్య ఉంటాయి. ప్రతి సందేశంలోనూ ఆ సంఖ్య మునుపటి కంటే పెరగాలి, లేకుంటే మీటరు తోసిపుచ్చుతుంది. ఒకే మీటరును ఒకే తాళంతో రెండు సాఫ్ట్‌వేర్లు చదివితే, ఒకటి సంఖ్యను ముందుకు జరిపేస్తుంది, రెండోది పాత సంఖ్యతో వెళ్లి వెనక్కి వస్తుంది. 'నిన్న వచ్చింది, ఈ రోజు రావడం లేదు' అంటే నేను ముందుగా అనుమానించేది దీన్నే. మంచి సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ పబ్లిక్ క్లయింటుగా వెళ్లి ఆ సంఖ్యను మళ్లీ చదువుకుంటుంది.

ఇంతవరకూ వచ్చిన తప్పులు కళ్లకు కనిపించేవి, రీడింగ్ రాదు, అంతే. ఇకపై రీడింగ్ వస్తుంది, కానీ తప్పుగా వస్తుంది. నా దృష్టిలో ఇవే ప్రమాదకరం, ఎందుకంటే వీటి మీద బిల్లులు వేస్తారు.

మీటరులోని ప్రతి లెక్కకూ చుక్కలతో రాసే ఒక సంకేతం ఉంటుంది. అరగంట లెక్కలు 1.0.99.1.0.255 అనే పట్టికలో ఉంటాయి, రోజుకు 48 వరుసలు. ఆ పట్టిక రెండో లక్షణం (అట్రిబ్యూట్) అంకెలనూ, మూడో లక్షణం ఏ నిలువు వరుసలో ఏముందో ఆ వివరాన్నీ ఇస్తాయి. రెండోదాన్ని మాత్రమే చదివి వరుసను ఊహించుకునే సాఫ్ట్‌వేర్, కంపెనీ మారగానే కేవీఏహెచ్ (కిలోవోల్ట్ ఆంపియర్ అవర్) అంకెను కేడబ్ల్యూహెచ్ (కిలోవాట్ అవర్) కింద చూపించగలదు. రెండూ దగ్గరగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. డైరెక్టర్‌లో మూడో లక్షణం తెరిచి, సాఫ్ట్‌వేర్ శీర్షికలతో ఒక్కొక్కటిగా పోల్చండి.

అంకె వచ్చినా అది పచ్చి అంకె. సింగిల్ ఫేజ్ మీటరులో వోల్టేజి 1.0.12.7.0.255 కింద 24157 అని రావచ్చు. దాన్ని పది ఎన్నో ఘాతంతో గుణించాలో స్కేలర్ చెబుతుంది. ఇక్కడ స్కేలర్ మైనస్ 2, అంటే వందతో భాగించాలి. యూనిట్ 35 అంటే వోల్టు. కాబట్టి 241.57 వోల్టులు. పట్టికల్లోని అంకెలకు ఈ స్కేలర్లు విడిగా ఉంటాయి. అరగంట పట్టికకు 1.0.94.91.4.255 చదవాలి. వోల్టేజిలో పొరపాటు జరిగితే వెంటనే తెలిసిపోతుంది. యూనిట్ల లెక్కలో జరిగితే నెలాఖరు దాకా తెలియదు.

చివరిది గడియారం. మీటరు పంపే సమయంలో గ్రీన్విచ్‌తో తేడా నిమిషాల్లో ఉంటుంది. డీఎల్ఎంఎస్ నియమం ప్రకారం మన సమయానికి అది మైనస్ 330. కొన్ని మీటర్లు ప్లస్ 330 అని పంపుతాయి. నియమాన్ని తుచ తప్పక పాటించే సాఫ్ట్‌వేర్‌కు అలాంటి మీటరు తగిలితే ఏమవుతుందో చూడండి. అపార్ట్‌మెంటులో నీళ్ల మోటారు ఉదయం 6 గంటలకు నడిచింది. సాఫ్ట్‌వేర్ దానికి ఐదున్నర గంటలు కలిపి గ్రీన్విచ్ 11.30 అనుకుంటుంది, మన సమయంలోకి మార్చడానికి మరో ఐదున్నర కలుపుతుంది. మోటారు సాయంత్రం 5 గంటలకు నడిచినట్టు గ్రాఫులో వస్తుంది. పదకొండు గంటల తేడా కనిపిస్తే వేరే కారణాలు వెతకనక్కర్లేదు. వేళను బట్టి ధర మారే హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్లలో ఈ తేడా నేరుగా డబ్బు మీద పడుతుంది.

సాధన: ఒక మీటరు తెర మీద 523.40 కిలోవాట్ అవర్లున్నాయి. 1.0.1.8.0.255 కింద వచ్చిన అంకె 52340, స్కేలర్ 1, యూనిట్ 30, అంటే వాట్ అవర్. సాఫ్ట్‌వేర్ 52.34 చూపిస్తోంది. అది ఏ స్కేలర్‌ను ఊహించుకుందో కాగితం మీద లెక్క కట్టండి. తర్వాత మీ సబ్‌మీటరు తెర మీది అంకెనూ, సాఫ్ట్‌వేర్‌లోని అంకెనూ ఒకే నిమిషంలో రాసి పోల్చండి.

ఐదో పాఠంలో ప్రోబ్ తీసేసి, సిమ్ కార్డు ద్వారా 4059 పోర్టు మీద ఇదే మీటరును చదువుదాం. అప్పటికి మీ మీటరు మోడెం వివరాల కాగితం దగ్గర పెట్టుకోండి.