సైన్సు, ఇంజనీరింగు చదువుతూ గణితాన్ని మైనర్‌గా తీసుకునేవారికి

గణితాన్ని మైనర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుతో పాటు చదివే రెండో సబ్జెక్టుగా, తీసుకోదలచిన విద్యార్థి అన్నిటికంటే ముందు ఒక తేడాను గ్రహించాలి. ఇంటర్ ఎంపీసీలోనూ, బీటెక్ మొదటి ఏడాది ఎం-1, ఎం-2 పేపర్లలోనూ చదివింది చాలావరకు లెక్క చేసే పద్ధతి. మైనర్‌లో చదవబోయేది ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయకుండా పోతుంది అన్న విచారణ. ఎంసెట్‌లో గణితంలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఈ తేడా తెలియక మైనర్‌ను మధ్యలో వదిలేయడం నేను పాఠాలు చెప్పిన తరగతుల్లో చూశాను. ముందే తెలిసి అడుగు వేసినవాళ్లు, మార్కులు ఓ మాదిరిగా ఉన్నా, నిలబడ్డారు.

నిబంధనల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2018 నాటి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం బీటెక్‌కు 160 క్రెడిట్లు. ఆనర్స్‌కు గానీ మైనర్‌కు గానీ దాని పైన అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు సంపాదించాలి. అంటే సుమారు ఐదారు కోర్సులు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2023-24 నుంచి మూడు ప్రధాన సబ్జెక్టుల పద్ధతి పోయి ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి వచ్చింది కాబట్టి, భౌతికశాస్త్రమో రసాయనశాస్త్రమో మేజర్‌గా ఉన్నవాళ్లు గణితాన్ని మైనర్‌గా ఎంచుకునే వీలుంది. అయితే మైనర్‌కు కావలసిన సీజీపీఏ ఎంత, బ్యాక్‌లాగ్ ఉంటే అనుమతిస్తారా, ఏ సెమిస్టర్‌లో నమోదు చేసుకోవాలి అన్నవి విశ్వవిద్యాలయాన్ని బట్టి మారతాయి. మీ బ్యాచ్‌కు వర్తించే రెగ్యులేషన్ ప్రతిని తెచ్చుకుని స్వయంగా చదవండి. సీనియర్ చెప్పింది అతని బ్యాచ్‌కు నిజమే అయినా మీకు వర్తించకపోవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తే, మొదటి కోర్సుగా లీనియర్ ఆల్జీబ్రానే తీసుకోండి. మాత్రికలు మీకు కొత్త కావు, మాత్రిక కోటి (ర్యాంక్) కనుక్కోవడం కూడా వచ్చు. కానీ ఆ కోటి అంటే ఏమిటో ఒక సర్క్యూట్ మీద పెట్టి చూస్తే విషయం వేరుగా కనబడుతుంది. వీట్‌స్టన్ బ్రిడ్జినే తీసుకుందాం. దానిలో నాలుగు నోడ్లు, అంటే తీగలు కలిసే చోట్లు. నాలుగు నిరోధాలు, ఒక గాల్వనోమీటరు, ఒక బ్యాటరీ కలిపి ఆరు శాఖలు. నోడ్లను వరుసలుగా, శాఖలను నిలువు వరుసలుగా రాసి, ప్రతి శాఖకూ ఒక దిశ నిర్ణయించుకుని, అది బయలుదేరే నోడ్ దగ్గర +1, చేరే నోడ్ దగ్గర −1, మిగిలిన చోట్ల సున్న వేయండి. ప్రతి నిలువు వరుసలోనూ ఒక +1, ఒక −1 మాత్రమే ఉంటాయి కనుక నాలుగు అడ్డు వరుసలనూ కూడితే సున్న వస్తుంది. అంటే కిర్కాఫ్ మొదటి నియమం (నోడ్‌కు వచ్చే ప్రవాహం, పోయే ప్రవాహం సమానం) నాలుగు నోడ్ల దగ్గర నాలుగు సమీకరణాలిచ్చినట్టు కనిపించినా, వాటిలో ఒకటి మిగతా మూడింటి నుంచే వచ్చేస్తుంది. సర్క్యూట్ అంతా ఒకే ముక్కగా కలిసి ఉంది కాబట్టి కోటి సరిగ్గా మూడు. ఆరు నుంచి మూడు తీసేస్తే శూన్యాంతరాళ (నల్ స్పేస్) పరిమాణం కూడా మూడు. అందులోని సదిశలు లూపుల చుట్టూ తిరిగే ప్రవాహాలే. అందువల్ల రెండో నియమం (లూపు చుట్టూ వోల్టేజీల మొత్తం సున్న) నుంచి స్వతంత్రమైన సమీకరణాలు మూడే వస్తాయి. మూడూ మూడూ ఆరు, తెలియని ప్రవాహాలు కూడా ఆరే. రెండో ఏడాదిలో ఎన్ని లూపులు తీసుకోవాలో బట్టీపట్టిన విద్యార్థికి, ఆ సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. ఈ ఒక్క ఉదాహరణను కాగితం మీద మీరే వేసుకుని చూడండి. మైనర్ మీకు సరిపడుతుందో లేదో అరగంటలో తేలుతుంది.

రెండో కోర్సు రియల్ అనాలిసిస్. చాలామంది దీన్ని చివరికి నెట్టేస్తారు, అది పొరపాటు. నిరూపణ రాయడం ఇక్కడే అలవడుతుంది, ఆ అలవాటు లేకుండా పై కోర్సులేవీ వంటబట్టవు. సంవృతాంతరం (చివరి బిందువులు కూడా కలిసి ఉన్న అంతరం, క్లోజ్డ్ ఇంటర్వల్) మీద అవిచ్ఛిన్నమైన (కంటిన్యువస్) ప్రమేయం తప్పక పరిబద్ధమవుతుందన్న, అంటే దాని విలువలు ఒక హద్దు దాటవన్న, సిద్ధాంతాన్ని ఎలా చదవాలో చూపిస్తాను. పరిబద్ధం కాదనుకుందాం. అప్పుడు ప్రమేయం విలువ, గుర్తును పక్కనపెడితే, 1ని దాటే బిందువు ఒకటి, 2ని దాటే బిందువు ఒకటి, 3ని దాటేది ఒకటి, ఇలా ఒక అనుక్రమం (సీక్వెన్స్) దొరుకుతుంది. అంతరం పరిమితమైనది కనుక ఆ అనుక్రమంలోంచి అభిసరించే (ఒక అవధికి చేరువయ్యే) ఉపానుక్రమాన్ని ఏరవచ్చు. అంతరం సంవృతం కనుక దాని అవధి అంతరం లోపలే ఉంటుంది. ప్రమేయం అవిచ్ఛిన్నం కనుక ఆ విలువలు కూడా ఒక సంఖ్యకు చేరువ కావాలి, కానీ అవి హద్దు లేకుండా పెరుగుతున్నాయి. ఇది విరుద్ధం. ఇక్కడితో పుస్తకం మూయకండి. 0కి, 1కి మధ్య చివరి బిందువులను వదిలేసిన అంతరంలో, ప్రతి సంఖ్యకూ దాని గుణకార విలోమాన్నిచ్చే ప్రమేయాన్ని తీసుకుని ఇదే నిరూపణను మళ్లీ నడిపించండి. 1/2, 1/3, 1/4 అన్న అనుక్రమం దొరుకుతుంది, అది 0కి అభిసరిస్తుంది, కానీ 0 ఆ అంతరంలో లేదు. నిరూపణ ఎక్కడ తెగిందో, సంవృతం అన్న షరతు ఏ వాక్యాన్ని మోస్తున్నదో అప్పుడు కళ్లకు కడుతుంది. ప్రతి సిద్ధాంతంలోనూ ఒక్కొక్క షరతునూ ఇలా తీసేసి చూడండి. ఆ తర్వాత పుస్తకం మూసి, తెల్లకాగితం మీద నిరూపణను మీ సొంత వాక్యాల్లో రాయండి. చదివినప్పుడు అర్థమైందనిపించడానికీ, చూడకుండా రాయగలగడానికీ మధ్య ఉన్న దూరమే ఈ చదువులో మీరు దాటవలసినది.

మిగిలిన కోర్సులు మీ బ్రాంచిని బట్టి ఎంచుకోవాలి. కంప్యూటర్ సైన్సు వారికి సంభావ్యత, ఆప్టిమైజేషన్, ఆసక్తి ఉంటే సంఖ్యాసిద్ధాంతం. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా ఉంచడానికి వాడే ఆర్‌ఎస్‌ఏ రహస్యలేఖనం అంతా నిలబడింది సంఖ్యాసిద్ధాంతం మీదే. ఈసీఈ వారికి ఫోరియర్ విశ్లేషణ, సంకీర్ణ విశ్లేషణ. మెకానికల్, సివిల్ వారికి పాక్షిక అవకలన సమీకరణాలు, న్యూమరికల్ పద్ధతులు. రసాయనశాస్త్రం వారు గ్రూప్ థియరీని వదులుకోకూడదు, ఎందుకంటే అణువుల సౌష్ఠవాన్ని వర్గీకరించేది అదే. ఒక కోర్సు రెండోదానికి దారి తీసేలా ఎంచుకోవాలి గానీ, టైంటేబుల్‌లో ఖాళీ దొరికిందనో, మార్కులు తేలికగా వేస్తారనో ఏరుకుంటే ఐదు కోర్సులు పూర్తయ్యాక కూడా చేతికి ఏదీ అందదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చదివి, ఆపైన కలకత్తాలో గణాంకశాస్త్రం చదివిన సి.ఆర్. రావు గారి పేరు ఈనాడు ప్రతి గణాంకశాస్త్ర పుస్తకంలోనూ కనిపిస్తుంది. గణితం పునాదిగా పడితే పక్క శాస్త్రంలోకి వెళ్లడం ఎంత సహజమో చెప్పడానికి మన దగ్గర అంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

మీ కళాశాలలో గణితం మైనర్ లేకపోతే ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల ద్వారా చదువుకోవచ్చు. ఐఐటీల, ఐఐఎస్సీ అధ్యాపకులు చెప్పే పాఠాలవి, చేరడానికి రుసుము లేదు, పరీక్ష రాస్తేనే చెల్లించాలి. ఆ క్రెడిట్లను మీ విశ్వవిద్యాలయం లెక్కలోకి తీసుకుంటుందో లేదో కోర్సులో చేరకముందే విభాగాధిపతిని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. వీడియోలను వరసగా చూసేస్తే చదివినట్టు కాదు. సిద్ధాంతం చెప్పగానే వీడియో ఆపి, నిరూపణను ముందు మీరే ప్రయత్నించండి.

సమయం గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. విద్యార్థిగా ఉన్నప్పుడు ల్యాబులు ఎక్కువగా ఉన్న సెమిస్టర్‌లోనే రెండు అదనపు గణితం కోర్సులు తీసుకుని, రెండింటినీ పరీక్షల ముందు రాత్రుళ్లకు వదిలేసి, ఒకదాన్ని మానుకోవలసి వచ్చింది. గణితం అలా ఒక్కసారిగా కూర్చుంటే రాదు. సెమిస్టర్‌కు ఒక్క కోర్సే తీసుకుని, రోజూ ఒక గంట తప్పనిసరిగా కేటాయించండి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు వారానికోసారి కూర్చుని, ఒకరు బోర్డు మీద నిరూపణ రాస్తుంటే మిగిలినవాళ్లు ప్రతి వాక్యానికీ ‘ఎందుకు?’ అని అడిగితే, ఒంటరిగా నెల రోజులు తడుముకున్నది ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

దీనివల్ల వచ్చే ప్రయోజనాలు కూడా తెలిసి ఉండాలి. గేట్‌లో చాలా ఇంజనీరింగు పేపర్లలో 100 మార్కులకు 13 మార్కులు ఇంజనీరింగు గణితానివే. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఎంఎస్సీ గణితానికి, టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) గణిత పరిశోధనకు బీటెక్ వారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ ప్రవేశ పరీక్షల్లో అడిగేది ముఖ్యంగా అనాలిసిస్, ఆల్జీబ్రాలే, నిరూపణ రాయవలసిన ప్రశ్నలు కూడా వస్తాయి. అటు వెళ్లాలన్న ఆలోచన ఉంటే పాత ప్రశ్నపత్రాలను మూడో ఏడాదిలోనే ముందేసుకుని, ఒక్కొక్క ప్రశ్నకూ పూర్తి నిరూపణ రాసి, మీ గణితం అధ్యాపకుడికి చూపించి దిద్దించుకోండి.