ఏ పెట్ట గుడ్డు పెడుతోందో ఎలా తెలుసుకోవాలి?

ఆరు పెట్టలుండి గూట్లో మూడే గుడ్లు కనిపిస్తే, అందరి అనుమానమూ బక్కచిక్కిన పెట్టమీదకే పోతుంది. నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. గుడ్డు మానేసిందని ఒక నల్లపెట్టను ఇచ్చేశాను. నెల తిరిగాక కట్టెల మోపు తీస్తుంటే వెనకాల 14 గుడ్లు. లేత గోధుమరంగు పెంకు. మా మందలో ఆ రంగు గుడ్డు పెట్టేది అదొక్కటే.

కావలసినవి: టార్చిలైటు, నోటుపుస్తకం, కాళ్లకు వదులుగా తొడిగే రంగు రింగులు, గూట్లో ఉంచడానికి ఒక ఉత్తుత్తి గుడ్డు.

1. పదిరోజులు గుడ్డు పెట్టిన టైము రాయండి. కడుపులో గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది. అందులో 20 గంటలు పెంకు కట్టడానికే సరి. అందుకే ఇవాళ ఎనిమిదింటికి పెట్టింది రేపు తొమ్మిది దాటాక పెడుతుంది, అలా జరిగి జరిగి మధ్యాహ్నం దాటాక ఒకరోజు నాగా పెట్టి, మళ్లీ పొద్దున్నే మొదలుపెడుతుంది. ఆ నాగా చూసి గాభరాపడి మేత మార్చేస్తారు కొందరు. మార్చకండి.

2. మూడురోజులు మధ్యాహ్నం దాకా కోళ్లను బయటికి వదలకండి. నీళ్లు, మేత, నీడ లోపలే ఉండాలి. ఉత్తుత్తి గుడ్డు గూట్లో పెట్టండి. లెక్క పెరిగిందా, బయట ఎక్కడో దొంగగూడు ఉన్నట్టే.

3. చేత్తో చూడటం. అందరూ పాడుచేసేది ఇక్కడే.

పగలు తరిమి పట్టుకోవద్దు. చీకటిపడి కోళ్లు సర్దుకున్నాక వెళ్లండి. అరచెయ్యి రొమ్ము కిందికి పోనిచ్చి, కాళ్లు వేళ్ల మధ్య ఇరికించి, తల మీ చంక వైపు, తోక ముందుకు ఉండేలా ఎత్తుకోండి. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీస్తే కోడికి ఊపిరి సరిగా ఆడదు. లోపల గుడ్డుంటే అదీ చితకొచ్చు.

తోక పైకెత్తి ముందు గుడ్డు ద్వారం చూడండి. పెడుతున్న పెట్టకు అది వెడల్పుగా, తడిగా, పాలిపోయి ఉంటుంది. పెట్టనిదానికి చిన్నగా, పొడిగా ముడుచుకుని ఉంటుంది. దానికి కాస్త కింద అటొకటి ఇటొకటి రెండు సన్నటి ఎముకల మొనలు తగులుతాయి. వాటి మధ్య వేళ్లు అడ్డంగా ఆనించండి. రెండుమూడు వేళ్లు పడితే గుడ్డు మీదున్నట్టు. ఒక్క వేలే కష్టంగా పడితే లేనట్టు. చిన్నజాతి కోడైతే ఒక వేలు తగ్గించి లెక్కేసుకోండి.

ఆనించడమే, నొక్కడం కాదు. గట్టిగా గుండ్రంగా ఏదైనా తగిలితే ఆపేసి, మెల్లగా దింపెయ్యండి. గుడ్డు లోపలే పగిలితే చీముపట్టి కోడి చచ్చిపోవచ్చు. ద్వారంలోకి వేలు పోనిచ్చి చూసే అలవాటు కొందరికి ఉంది. నాకు ఒళ్లు మండే పని అది. గోరు గీరుకుంటుంది, మురికి లోపలికి పోతుంది, ఇంతా చేసి తెలిసేది రేపటి గుడ్డు సంగతి ఒక్కటే. ఎముకలు చూస్తే అసలు గుడ్డు మీదుందో లేదో తేలిపోతుంది.

ముందుగా, తప్పకుండా పెడుతున్న పెట్టనూ, ఇంకా గుడ్డుకు రాని పిల్లపెట్టనూ పక్కపక్కన చూడండి. తేడా చేతికి తెలిసిపోతుంది. వారం ఆగి మళ్లీ చూశాకే ఏ నిర్ణయమైనా. తలమీద జుట్టు ఎర్రగా ఉంటే చాలంటారు గానీ, పిల్లపెట్టకు గుడ్డుకు రాకముందే అది ఎర్రబడుతుంది. నేను దాన్ని నమ్మను.

4. ఇక లెక్క తేల్చుకోవడం. ఎముకలు వెడల్పుగా ఉన్నా గుడ్డు లేదంటే ఎక్కడో దాస్తోంది, లేదా తినేస్తోంది. ముక్కుకు పచ్చసొన అంటిందేమో చూడండి. ఈకలు రాలుస్తుంటే రెండుమూడు నెలలు దాని జోలికి పోకండి. పగటివెలుతురు 14 గంటలకు బాగా తగ్గితే కూడా గుడ్లు తగ్గుతాయి. గూడు వదలకుండా, చెయ్యి పెడితే ఒళ్లు ఉబ్బించి కుర్రుమంటే అది పొదుగుకొచ్చింది. దాని కింద గుడ్లు ఉంచి 21 రోజులు కూర్చోనివ్వండి, లేదా గూట్లోంచి తీసి విడిగా ఉంచండి. తోక దించుకుని, నిటారుగా నిలబడి ముక్కుతూ ఉంటే మాత్రం గుడ్డు అడ్డం పడిందేమో. అప్పుడు వేళ్ల లెక్కలు పక్కనపెట్టి వెంటనే పశువైద్యుడికి చూపించండి.