లిబ్‌కర్ల్‌లో (నెట్ మీద డేటా తెచ్చే, పంపే సీ లైబ్రరీ) కాల్‌బ్యాక్ (పని మధ్యలో లైబ్రరీ పిలిచే మన ఫంక్షన్) రాసే ముందు ఇవి చూసుకోండి

- రైట్ కాల్‌బ్యాక్ (వచ్చిన డేటాని అందుకునేది) నుంచి 'అంతా బాగుంది' అనుకుని 0 రిటర్న్ చేయకండి. అక్కడ లెక్క వేరు, ఎన్ని బైట్లు చేతికొచ్చాయో సరిగ్గా అదే సంఖ్య తిరిగి ఇవ్వాలి, తక్కువ చెబితే డౌన్‌లోడ్ మధ్యలోనే ఆగిపోయి ఎర్రర్ 23 (రైట్ ఎర్రర్, అంటే రాయడంలో లోపం) వస్తుంది. దీని వల్లే నేను డిస్క్ నిండిపోయిందేమోనని ఒక పూటంతా వెతికాను.
- ప్రోగ్రెస్ కాల్‌బ్యాక్ (పని ఎంతవరకు వచ్చిందో తెలిపేది) దీనికి పూర్తిగా ఉల్టా: 0 అంటే కానివ్వమని, 1 ఇస్తే ఆపేయమని. అప్పుడు వచ్చేది ఎర్రర్ 42.
- రైట్ కాల్‌బ్యాక్‌కి వచ్చిన డేటా చివర నల్ (స్ట్రింగ్ ముగిసిందని చెప్పే సున్నా బైట్) ఉండదు, స్ట్రింగ్ అనుకోవద్దు.
- సీ ప్లస్ ప్లస్ వాళ్లు ఎక్సెప్షన్‌ని కాల్‌బ్యాక్ దాటి బయటికి పోనివ్వకండి. లోపలే పట్టుకుని, అసలు కారణం కాల్‌బ్యాక్‌కి అందించే మీ స్ట్రక్చర్‌లో రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఒట్టి 23 చూస్తే ఏం జరిగిందో మీకే అర్థం కాదు.