మెడకు జానెడు దూరం: ఓపెన్ కారుకు గాలి అడ్డు చేయించే ముందు

మా వరంగల్, హన్మకొండల్లో ఓపెన్ కార్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎండాకాలమంతా కవరు కింద పడి ఉండి, దసరా దాటి పొద్దుటి పూట చలి మొదలయ్యాక ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఆదివారం తెల్లారకముందే రూఫ్ మడిచి ములుగు రోడ్డు ఎక్కి రామప్పకో లక్నవరానికో పోయొస్తారు. సోమవారం మెడ పట్టేసి మా షాపుకొస్తారు. "అన్నా, గాలంతా వెనక నుంచే కొడుతోంది. ఏదన్నా అడ్డం పెట్టు."

నాది బోర్డుల షాపు. యాక్రిలిక్ అక్షరాలు, లైట్ బోర్డులు చేస్తాను. ఈ గాలి అడ్డులు, అదే విండ్ డిఫ్లెక్టర్లు, సరదాకి మొదలుపెట్టిన పని. మొదటి రెండూ పాడుచేసుకున్నాకే దాని సంగతి తెలిసింది. ఈ చలికాలం మీరే చేసుకోవాలన్నా, పక్కన నిలబడి చేయించుకోవాలన్నా ముందు ఇది చదవండి. బోర్డు పగిలితే ఇంకోటి పెడతాం. ఇది పగిలేది మెడకు జానెడు దూరంలో.

వెనక నుంచి గాలి ఏంటని చాలామంది నమ్మరు. ముందు అద్దం అంచు దగ్గర విడిపోయిన గాలి తలల మీదుగా దూకి డిక్కీ వైపు పోతుంది. సీట్ల దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. ఆ ఖాళీ నింపడానికి వెనక గాలి తిరగబడి, రెండు సీట్ల సందులోంచి మెడ మీదికి వస్తుంది. అందుకే ముందు అద్దాన్ని ఎత్తు పెంచమని అడిగేవాళ్లకు నేను వద్దనే చెబుతాను. మెర్సిడెస్ వాళ్లు 1989లో తెచ్చిన ఎస్ఎల్ కారులో కూడా ఈ అడ్డును సీట్ల వెనకే పెట్టారు.

షీటు కొనే ముందు పాత అట్టపెట్టె కోసి నమూనా చేయండి. హెడ్‌రెస్ట్‌లకు, సీట్ల సందులో బెత్తెడు ఊలు దారాలు టేపుతో అంటించి, ఖాళీ రోడ్డు మీద 50, 60 వేగంలో పోనివ్వండి. దారాలు చూసే పని పక్కన కూర్చున్నవాళ్లది, డ్రైవరుది కాదు. అట్ట లేనప్పుడు దారాలు ముందుకు లేచి ఊగుతాయి. అట్ట సరైన ఎత్తులో ఉంటే వేలాడతాయి. మామూలుగా చెవుల ఎత్తు దాకా చాలు. అంతకు మించితే అద్దంలో వెనక బండ్లు సరిగా కనబడవు, గాలి తోపు కూడా పెరుగుతుంది. అదే అట్టతో సీట్లు పూర్తిగా వెనక్కి వాల్చి చూడండి, రూఫ్ ఒకసారి మూసి తెరవండి. చాలా డిజైన్లు ఇక్కడే ఫెయిలవుతాయి, అట్ట ఖర్చుతో పోతుంది.

ఇక షీటు సంగతి. నా మొదటి అడ్డు యాక్రిలిక్‌ది. బోర్డు పనిలో మిగిలిన 4 ఎంఎం ముక్క, అద్దంలా మెరిసింది. 6 ఎంఎం బోల్టుకు సరిగ్గా 6 ఎంఎం రంధ్రం వేసి గట్టిగా బిగించాను. డిసెంబరులో పెట్టాం, బాగుంది. ఏప్రిల్‌లో ఆ కారు ఓనరు దాన్ని కాజీపేట స్టేషన్ బయట ఎండలో పెట్టి రైలెక్కాడు. రెండు రోజుల తర్వాత వచ్చి చూస్తే బోల్టు దగ్గర మొదలైన పగులు పై అంచు దాకా పాకింది. చేత్తో కదిపితే రెండు ముక్కలయింది. ఒక్కో ముక్క కొస కత్తి మొనలా ఉంది. రెండూ డ్రైవరు మెడ ఎత్తులో.

అది ఎండ తప్పు కాదు, నా రంధ్రం తప్పు. మీటరు పొడవున్న యాక్రిలిక్ 30 డిగ్రీల తేడాకు సుమారు 2 ఎంఎం సాగుతుంది. యాక్రిలిక్ లాగే కనబడే ఇంకో ప్లాస్టిక్ షీటు, పాలీకార్బొనేట్ కూడా దాదాపు అంతే. అందుకే రంధ్రం బోల్టు కంటే 2, 3 ఎంఎం పెద్దదిగా ఉండాలి, మధ్యలో రబ్బరు బుష్, పైన వెడల్పు వాషర్. రంధ్రం అంచుకు మరీ దగ్గరగా వద్దు, దాని వ్యాసానికి రెండింతలన్నా లోపలికి జరపండి. లోపలి మూలలు పదునుగా కోయకుండా ముందు డ్రిల్లుతో గుండ్రంగా చేసి అక్కడి నుంచి కోయండి.

మెడ దగ్గర యాక్రిలిక్ అసలు వద్దు, పాలీకార్బొనేటే వాడండి. ధర ఎక్కువే, త్వరగా గీతలూ పడతాయి, కానీ దెబ్బ తగిలితే పెంకులుగా పగలదు. యూవీ పూత ఉన్న షీటే తీసుకోండి, లేకపోతే కొన్నాళ్లకు పసుపెక్కుతుంది. పూత ఏ వైపుందో రక్షణ ఫిల్మ్ మీద రాసి ఉంటుంది. ఫిల్మ్ పీకేముందే ఆ వైపు గుర్తు పెట్టుకోండి, తర్వాత కంటితో పోల్చలేరు.

రెండోసారి పాలీకార్బొనేటే పెట్టాను. బోల్టులు వదులు కాకుండా థ్రెడ్ లాకర్ పోశాను. నెల తిరక్కుండానే ఒక్కో బోల్టు చుట్టూ సాలెగూడులా సన్నని పగుళ్లు. ఆ జిగురు ఈ ప్లాస్టిక్‌ను తినేస్తుందని అప్పటికి నాకు తెలియదు. థిన్నర్, పెట్రోల్, అసిటోన్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కూడా అంతే. ఇప్పుడు లోపల నైలాన్ రింగు ఉండి వదులు కాని నైలాక్ నట్లు మాత్రమే వాడుతున్నాను, తుడవడానికి సబ్బు నీళ్లు, మెత్తటి బట్ట. కార్ వాష్‌లో ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పి ఇవ్వండి. అక్కడి కుర్రాళ్లు తారు మరక చూస్తే చాలు, పెట్రోల్ గుడ్డ అందుకుంటారు.

వంపు కావాలంటే పాలీకార్బొనేట్‌ను నేరుగా వేడి చేయకండి. వానాకాలమంతా గోడకు ఆనించి ఉన్న షీటు తేమ పీల్చుకుని ఉంటుంది, మెత్తబడే వేడిలో లోపల బుడగలు లేస్తాయి. ముందు 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఓవెన్‌లో ఎండబెట్టాలి. ఆ ఏర్పాటు లేకపోతే వేడి చేయకుండానే మెల్లగా వంచండి. 4 ఎంఎం షీటుకు వంపు వ్యాసార్ధం 60 సెంటీమీటర్ల కంటే తగ్గకూడదు. గాలి ఆపడానికి అంత వంపు చాలు.

చలికాలం పని కాబట్టి షాపు షటరు దించి లోపల కూర్చుని చేస్తుంటారు. అలా చేయకండి. వేడెక్కిన యాక్రిలిక్ వాసన గొంతు పట్టేస్తుంది, నిప్పు తగిలితే షీటు కాలుతూ చుక్కలు కారుస్తుంది. హీట్ గన్ ఆన్‌లో పెట్టి టీకి పోవద్దు. లేజర్ కటింగ్‌కు యాక్రిలిక్ బాగుంటుంది, పాలీకార్బొనేట్ అంచులు మసిబారి పాడవుతాయి, దాన్ని రంపంతోనో రౌటర్ కటింగ్ మిషన్‌తోనో కోయాలి. సన్‌బోర్డును మాత్రం పొరపాటున కూడా లేజర్ కింద పెట్టొద్దు. అది పీవీసీ, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. మనిషికీ మంచిది కాదు, మిషనుకూ తుప్పు. కోసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలని వేరే చెప్పాలా?

బిగించడం ఇంకో పెద్ద పని. 100 వేగంలో గాలి నేరుగా తగిలితే చదరపు మీటరు మీద దాదాపు 47 కిలోల తోపు. మీటరు పొడవు, 30 సెంటీమీటర్ల ఎత్తు పలకకు 14 కిలోలు. 120కి పోతే 20 దాటుతుంది. సీట్ల వెనక మరీ అంత పడదు, కానీ ఎదురుగా లారీ దూసుకుపోయినప్పుడు కొట్టే గాలికి లెక్క ఉండదు. డబుల్ టేపు ఒక్కదాని మీదే నమ్మకం పెట్టుకోకండి. కారు బోల్తా పడితే తల కాపాడే కమ్మీలు స్థిరంగా ఉండే రకమైతే రబ్బరు పట్టీ వేసిన క్లాంపులతో వాటికి బిగించొచ్చు. వాటికి డ్రిల్లు మాత్రం పెట్టకండి. కొన్ని కార్లలో ఆ కమ్మీలు మామూలుగా లోపల ఉండి, ప్రమాదంలో క్షణంలో పైకి లేస్తాయి. అలాంటి కారుకు వాటి దారిలో ఏదీ పెట్టకూడదు, మాన్యువల్ చూడకుండా స్పానర్ పట్టకండి. సీటు బెల్టు దారి, సీటు పక్క ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోటు కూడా ఖాళీగా ఉండాలి.

బిగించాక పై అంచుకు రబ్బరు బీడింగ్ వేసి, దానికి చున్నీ ముక్క రాసి చూడండి. దారం చిక్కుకుంటే ఇంకా గరుకుంది, వాటర్ పేపర్ పట్టాలి. మొదటి 50 కిలోమీటర్లకు ఆపి నట్లు మళ్లీ చూడండి.

ఇదే ఊపులో ఫోన్ స్టాండు, కప్పు హోల్డరు అంటూ మొదలుపెడతారు. త్రీడీ ప్రింటు చేయిస్తే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో రూఫ్ తెరిచి ఎండలో పెట్టిన కారు డ్యాష్‌బోర్డు అంతకు మించే కాలుతుంది. ఒకాయన స్టాండు మధ్యాహ్నానికి తోటకూర కాడలా వాలిపోయింది. వేడికి తట్టుకునే ఏఎస్ఏ ప్లాస్టిక్ చెప్పండి. ఎయిర్‌బ్యాగ్ మూత మీద మాత్రం ఏదీ అంటించొద్దు.

రంగు షీటు వద్దు. 2012లో సుప్రీంకోర్టు కారు అద్దాలకు ఫిల్మ్ వద్దన్నాక నల్లగా ఏది కనబడినా చెకింగ్‌లో ఆపుతారు. ఇది కారు అద్దం కాదు అని రోడ్డు మీద వాదించే ఓపిక మీకుంటే మీ ఇష్టం. బాడీ కోయడం, ఎత్తు పెంచడం లాంటివి మోటారు వాహనాల చట్టంలో బండి మార్పుల మీద ఉన్న సెక్షన్ 52 కిందికి వస్తాయి. చేత్తో విప్పి తీయగలిగే అడ్డు అయితే మనశ్శాంతి. అయినా ఇన్సూరెన్స్ వాళ్లకు ఒక మాట చెప్పి పెట్టండి.

పెళ్లి బరాత్‌కు కారిస్తే అడ్డు విప్పి ఇంట్లో పెట్టండి. పెళ్లికొడుకు వెనక డెక్ మీద ఎక్కి కూర్చుంటాడు, వద్దన్నా వినడు, వీపు దానికే ఆనిస్తాడు. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు రూఫ్ తెరిచి పోవాలన్నా ఆలోచించండి. ఘాటు ముందు నుంచీ వస్తుంది, వెనక నుంచీ తిరిగొస్తుంది. దానికి నా దగ్గర షీటు లేదు.

ఫిబ్రవరి చివర్లో ఎండ ముదరగానే అడ్డు విప్పి కడిగి ఆరబెట్టి, పాత కాటన్ చీరలో చుట్టి బీరువా వెనక నిలబెట్టండి. రెగ్జిన్‌లో గానీ మెత్తటి పీవీసీ కవర్లో గానీ చుట్టొద్దు, దాన్ని మెత్తగా ఉంచే నూనె ఈ షీటుకు పడదు.